మునివెంకటప్ప మేష్ట్రు దాచిన డబ్బీ

మునివెంకటప్ప మేష్ట్రు గొంతు పెంచకుండా గెలిచిన జగడం ఒకటుంది. అక్కయమ్మ దాన్ని పక్కనే నిలబడి చూసింది.

బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం పోయే బస్సొకటి పేరేసంద్రలో ఆగకుండా పోవడం మరిగింది. జనం చెయ్యెత్తేవాళ్ళు, అది ముఖాన దుమ్ము కొట్టి పోయేది. ఒకనాడు లోపల ఎవరికో కడుపులో తిప్పితే తప్పనిసరై ఆగింది. అదే సందని మేష్ట్రు ఎక్కబోయాడు. కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. వెనకాలే నెత్తిన జామకాయల గంపతో అక్కయమ్మ.

“ఈడ స్టాపు లేదు సార్. దిగండి.”

అక్కయమ్మ అయితే ఆ కండక్టరు ఏడు తరాలవాళ్ళనూ లేపి నిలబెట్టి కడిగేసేది. మేష్ట్రు అట్లా చేయలేదు. గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు. బస్సు ముందరికి పోయి అద్దానికి ఎదురుగా నిలబడ్డాడు.

“అప్పా, ఇట్ల రా. ఈ పలకలో ఏమి రాసుండాది?”

“మీకు తెలీదా సార్?”

“నాకు కండ్లు మసక. నువ్వు చదువు.”

కండక్టరు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు వేరే వైపు చూశాడు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే బస్సు కదలదు కదా. చివరికి దిగి వచ్చి చదివాడు. “బాగేపల్లి, పేరేసంద్ర, చిక్కబళ్ళాపుర.”

“రెండోది మళ్ళీ చదువు.”

“పేరేసంద్ర.”

“మనం నిలబడుకోనుండేది ఏ ఊరు?”

కండక్టరు ఏదో గొణిగాడు.

“గట్టిగా చెప్పు. వెనక బెంచీకి వినపడాల.”

“పేరేసంద్ర సార్.”

“సరి. కూర్చో.”

కండక్టరు నిజంగానే పోయి కూర్చున్నాడు. బస్సులో వాళ్ళు పగలబడి నవ్వారు. ఎక్కవలసిన వాళ్ళందరూ ఎక్కారు. అక్కయమ్మ గంపకు సీటు కూడా దొరికింది. ఆ మరునాటి నుంచి బస్సు ఆగుతూనే ఉంది. గంటసేపు అరిచి గొంతు పోగొట్టుకుని, ఆఖరికి నడిచి పోయిన జగడాలు అక్కయమ్మ లెక్కలో చాలా ఉన్నాయి. నాలుగు చిన్న మాటలతో ఇంత పని ఎట్లా జరిగిందో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

మేష్ట్రుది చెనిక్కాయలు పండించే రైతు కుటుంబం. ఆ ఇంట్లో పుస్తకం పట్టిన మొదటివాడు. మంచేనహళ్ళిలో కొన్నాళ్ళు, బాగేపల్లిలో ఎక్కువనాళ్ళు, మొత్తం ముప్పై ఒక్క ఏళ్ళు సర్కారు ఇస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పాడు. ఇంగ్లీషును తెలుగులో విప్పి కన్నడంలో మూటగట్టి ఇచ్చేవాడని ఆయన దగ్గర చదివినవాళ్ళు చెప్పుకుంటారు. రిటైరై పేరేసంద్రకు వచ్చాక కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉంటుంది. ఇంటామె సుజాతమ్మ చొక్కా ఉతికినప్పుడల్లా తొట్టినీళ్ళు పాలైపోతాయి. ఆమె తిడుతుంది, ఆయన మళ్ళీ పెట్టుకుంటాడు. ఏ వాక్యం విన్నా దాన్ని విడగొట్టి, ఏ మాట ఏ జాతిదో చెప్పనిదే ఆయనకు అన్నం సయించదు.

అయితే ఆయనకు ఇంగ్లీషులో మాట్లాడడం రాదు. ఇది ఎవరో అంటే అక్కయమ్మ నమ్మేది కాదు. ఆయనే చెప్పాడు, హైవే పక్క ఆమె అంగట్లో రాతిమీద కూర్చుని, ఉడకబెట్టిన చెనిక్కాయలు ఒలుచుకుంటూ. ఒకసారి క్లాసులోకి పెద్ద అధికారి వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగాడట. మేష్ట్రు పిల్లల వైపు తిరిగి, “సారు ఇప్పుడు చెప్పిన వాక్యంలో నామపదాలు ఎన్ని? క్రియాపదం ఏది?” అని పాఠం మొదలుపెట్టాడట. పిల్లలు టకటకా చెప్పేశారట. అధికారి నవ్వి, “బండిని మొత్తం విప్పి పెట్టినారు మేష్ట్రే, నడిపేది మాత్రం రాదు” అని వెళ్ళిపోయాడట.

“నీకు కోపం రాలేదా మేష్ట్రప్పా?”

“వచ్చింది. అయితే విప్పేదైనా సరిగ్గా వచ్చు కదా అని ఓర్చుకున్నా.”

ఆ మనిషికి ఉన్న గర్వమంతా అదొక్కటే. అక్కయమ్మకు గర్వం అంటే ఏమిటో బాగా తెలుసు. రెండో తరగతిలో పలక పగలగొట్టుకుని ఇంటికి వచ్చేసినా, ఊళ్ళో ఎవరి ముందూ తల దించిన మనిషి కాదు ఆమె.

పోయిన శివరాత్రికి మేష్ట్రు తమ్ముడి కూతురు ప్రతిమ బెంగళూరు నుంచి వచ్చింది. కంపెనీలో ఉద్యోగం. ఆ పిల్ల పెదనాన్నకు ఫోనులో ఒక ఆట చూపించింది. ఆ మరునాడు మేష్ట్రు అంగటికి వచ్చేసరికి ముఖం పెండ్లికొడుకు ముఖం మాదిరి వెలిగిపోతోంది.

“అక్కయమ్మా, దేశదేశాల్లో మనుషులు డబ్బీలు దాచిపెడతాండారు.”

“దొంగలా?”

“కాదు, ఆట. ఒకరు దాస్తారు. అది యాడుండాదో అంకెల్లో చెప్తారు. ఇంగొకరు ఫోను పట్టుకోని వెతుకుతారు.”

“డబ్బీలో ఏముంటాది?”

“ఒక చిన్న పుస్తకం. పెన్సిలు. నాలుగు ఆటసామాన్లు.”

“బంగారం?”

“లేదు.”

“దొరికితే ఏం చేస్తారు?”

“పుస్తకంలో పేరు రాసి, మళ్ళీ ఆడే పెట్టేస్తారు.”

అక్కయమ్మ చేతిలోని దోసకాయ పక్కన పెట్టింది. “దాచేదెందుకు? వెతికేదెందుకు? దొరికినాక మళ్ళీ ఆడే పెట్టేదెందుకు? అంత కష్టపడీ వెతకనట్టే కదప్పా?”

మేష్ట్రు “వెతికినట్టే” అన్నాడు.

ఆయన ఆట మరీ వంకరది. ఊరికే అంకెలు ఇచ్చేస్తే ఎవడైనా వస్తాడని, ఇంగ్లీషులో ఒక చిన్న కథ రాశాడు. పొడుగాటి ఆడమనిషొకతె చింతామణి సంతకు టమాటాలు తీసుకుపోతుంది. దోవలో వాన వస్తుంది. అంతే కథ. అందులో నామపదాలు ఎన్నో లెక్కపెడితే ఒక అంకె, క్రియాపదాలు లెక్కపెడితే ఇంకో అంకె, అట్లా ఆరు జాతుల మాటలకు ఆరు అంకెలు. ఆ అంకెలు ఫోనులో వేస్తే బాణం గుర్తు డబ్బీ ఉన్నచోటికి తీసుకుపోతుంది.

“ఎవురప్పా ఆ పొడుగాటామె?”

“ఎవురూ కాదు.”

“ఎవురూ కానామె సంతకెందుకు పాయె? టమాటాలు అమ్మిందా లేదా?”

“అది కథలో లేదు.”

“లేకుంటే ఏం కథ?” అని అక్కయమ్మ కసిరింది. ఆమెకు ఆ రోజంతా ఆ టమాటాల దిగులే.

మేష్ట్రు ఇంకో పరీక్ష కూడా పెట్టుకున్నాడు. ఆట నడిపేవాళ్ళకు పంపింది తన లెక్క, వెతికేవాళ్ళ అంకెలు సరా తప్పా అని వాళ్ళు చూసేది దాంతోనే. డబ్బీని మాత్రం తాను దాచలేదు. ప్రతిమకు కథ ఇచ్చి, “నువ్వే లెక్కపెట్టు. నీ లెక్క యాడికి తీసకపోతే ఆడ పెట్టేసి పో. నాకు చెప్పొద్దు” అన్నాడు. ఇద్దరి లెక్కా ఒకటే అయితే డబ్బీ తాను అనుకున్నచోటే ఉంటుంది. ఉండి తీరాలి కదా. ఆ పిల్ల డబ్బీని ఒక రాతిగుండు కింద దూర్చి, సాయంత్రం బస్సుకు బెంగళూరు వెళ్ళిపోయింది.

ఇవేవీ అక్కయమ్మకు తెలియవు. ఆట సంగతి తెలుసు, చోటు తెలియదు; దేశదేశాల ఆట కాబట్టి డబ్బీ ఏ దూరదేశంలోనో ఉంటుందనుకుంది. ఆమెకు అప్పుడు పట్టిందల్లా తన ఆవు.

ఆ నెల పశువులకు ఒంటినిండా గడ్డలు లేచే జబ్బు వచ్చింది. అక్కయమ్మ ఎర్రావు మేత ముట్టలేదు. పైగా చూలుతో ఉంది. డాక్టరు సూది వేసి వెళ్ళాడు. మూడోనాడు మిట్టమధ్యాహ్నం ఆమె గడ్డి కోసం పొలిమేర దాకా పోయింది. అక్కడ ఏనుగు పడుకున్నట్టు ఒక గుండు ఉంటుంది. దాని కింద సందులో నల్లగుడ్డ చుట్టిన డబ్బీ కనిపించింది. మూత తీసింది. లోపల పెన్సిలు, చిన్న పుస్తకం, రెండు గోలీలు, తల మాత్రమే ఉన్న బొమ్మ, ఎర్రదారం. ఆమె మూత గబుక్కున మూసేసింది.

ఆ పక్క పల్లెల్లో ఒక రివాజు ఉంది. ఊరికి పీడ పట్టినప్పుడు దాన్ని నాలుగు వస్తువుల్లోకి దించి, పక్క ఊరి పొలిమేరలో పెట్టి వస్తారు. చూసినవాళ్ళు దాన్ని కాల్చకూడదు, పూడ్చకూడదు, ఇంటికి తేకూడదు. వేపరెమ్మ ఒకటి పైన పెట్టి, తరవాతి ఊరి పొలిమేరకు చేర్చాలి. చేర్చిన సంగతి నోరు జారి చెప్పకూడదు. చెప్తే అది తిరిగి వస్తుంది. నల్లగుడ్డ, ఎర్రదారం, మొండెం లేని తల చూశాక ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

అక్కయమ్మ వేపరెమ్మ విరిచింది. రెండు మైళ్ళు నడిచి తూర్పు పల్లె పొలిమేరలో డబ్బీ పెట్టి వచ్చింది. వారానికి ఎర్రావు మేత తినింది. సూది కూడా పనిచేసి ఉండవచ్చు, ఆమె కాదనలేదు. కానీ సూది ఊళ్ళో ఆవులన్నిటికీ వేశారు, అందులో రెండు చచ్చాయి.

ఆ వారంలోనే మనుషులు రావడం మొదలైంది. నెత్తిన టోపీ, కాళ్ళకు బూట్లు, చేతిలో ఫోను. పొలిమేర గుండు చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్ళు. వంగి చూసేవాళ్ళు, పొర్లి చూసేవాళ్ళు. చివరికి చెమటలు కారుస్తూ అంగటికి వచ్చి జామకాయలు కొనుక్కునేవాళ్ళు. “ఏమన్నా పోగొట్టుకున్నారా నాయనా?” అని అక్కయమ్మ అడిగితే, “లేదజ్జీ, వెతుకుతాండాము” అనేవాళ్ళు. పోగొట్టుకోనిదాన్ని వెతికే జనాన్ని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సర్వేవాళ్ళేమో, భూములు పోతాయేమో అని ఒక వారం భయపడింది. తరవాత, సర్వేవాళ్ళు ఇంత నవ్వరులే అని ఊరుకుంది.

ఇట్లా ఎనిమిది గుంపులు వచ్చి పోయాయి. అందరూ ఫోనులో మేష్ట్రు కథ ఉన్న పేజీలో ఒకటే రాశారు: దొరకలేదు. ఎనిమిదో గుంపులో ఒకడు ఇంకో ముక్క కలిపాడు. కథలో కొన్ని మాటలను అట్లా కూడా తీసుకోవచ్చు, ఇట్లా కూడా తీసుకోవచ్చు, లెక్క పెట్టినాయనకే వ్యాకరణం రాదేమో అని.

మేష్ట్రు తన అంకెలు వేసుకుని పొలిమేర గుండు దగ్గరికి పోయాడు. చెయ్యి పెట్టి తడిమాడు. ఖాళీ. ప్రతిమకు ఫోను చేశాడు.

“గుండు కిందనే పెట్టినా పెదనాన్నా.”

“ఏ గుండమ్మా?”

“ఆడ ఉండేవన్నీ గుండ్లే కదా! లెక్క రాసుకున్న కాగితం పారేసినా. ఏమైందిప్పుడు, ఇంగో డబ్బీ పెట్టు.”

ఇంకో డబ్బీ పెడితే సరిపోయేది డబ్బీ ఒక్కటే. గోలీల డబ్బీని దొంగలు ఎత్తుకుపోరు కదా, ప్రతిమ లెక్కే వేరే గుండు దగ్గరికి తీసుకుపోయి ఉంటే? తన ఇంట్లో పుట్టి, తన దగ్గరే వ్యాకరణం నేర్చుకున్న పిల్లకే తన లెక్క రాకుంటే, ముప్పై ఒక్క ఏళ్ళు ఎంతమంది పిల్లలకు తప్పు చెప్పినట్టు?

ఆ ఊళ్ళో మాట దాగదు. ఫోను ఉన్న ప్రతి కుర్రవాడూ ఆ పేజీ చూశాడు. డైరీ దగ్గర పాలు కొలిచే బయ్యప్ప మేష్ట్రు దగ్గర చదివినవాడే, రెండుసార్లు తప్పినవాడు కూడా. పొద్దున పాలు పోయడానికి మేష్ట్రు చెంబు పట్టుకుని వచ్చేసరికి, “సార్, నేను పరీక్షలో రాసిందే సరేమో, ఒకసారి పేపరు మళ్ళీ దిద్దుతారా?” అన్నాడు. అందరూ నవ్వారు. మేష్ట్రు పాలు పోసి వెళ్ళిపోయాడు. ఆ నవ్వినవాళ్ళ వాక్యాలను విడగొట్టలేదు కూడా. మరునాటి నుంచి పాలు పోయడానికి సుజాతమ్మ వస్తోంది.

వారం తరవాత ఆయన అంగటికి వచ్చాడు. గొడుగు లేదు. గడ్డం మాసింది. చేతిలో కథ రాసిన కాగితం. ఆట నడిపేవాళ్ళ నుంచి కబురు వచ్చిందట. ఈ నెలలోగా డబ్బీ ఉన్నచోట ఉందని తేలకపోతే ఆయన పేజీ తీసేస్తారట.

“చింతామణికి పోయి పాత స్నేహితుణ్ణి అడిగినా. ఆయనా ఇంగ్లీషు మేష్ట్రే. ఒక మాటకాడ ఇట్ల అన్నాడు, ఇంగో మాటకాడ అట్ల అన్నాడు. నాకేమీ తెలీకుండా పోయింది. అక్కయమ్మా, నేను చదువుతా. నువ్వు లెక్కపెట్టు.”

“నాకు ఇంగ్లీషు యాడొస్తాదప్పా?”

“రాకపోయేదే మేలు. నీకు రాదు కాబట్టి నన్ను మోసం చేయలేవు.”

అక్కయమ్మకు ఆ మాట పొగడ్తో తిట్టో తెలియలేదు. కానీ లెక్క అంటే వెనక్కి పోయే మనిషి కాదు. నామపదానికి జామకాయ, క్రియాపదానికి చెనిక్కాయ, గుణవాచకానికి దోసకాయ, మిగతా మూడు జాతులకు నిమ్మకాయ, మొక్కజొన్న కంకి, చింతపిక్క అని ఖాయం చేసుకున్నారు. ఆయన ఒక్కొక్క మాట చదివి జాతి చెప్పాడు. ఆమె గోనెపట్ట మీద ఒక్కొక్కటి పెడుతూ పోయింది. మధ్యలో ఒక లారీ డ్రైవరు వచ్చి దోసకాయ తీయబోయాడు.

“ముట్టొద్దు! అది గుణవాచకం” అని అక్కయమ్మ చెయ్యి మీద కొట్టింది. వాడు భయపడి వెళ్ళిపోయాడు.

మూడుసార్లు లెక్కపెట్టారు. మూడుసార్లూ ఒకటే వచ్చింది.

“చూడు, సరిపోయింది కదా! ఏడుస్తావెందుకు?”

“నేను చెప్పినట్టే నువ్వు పెట్టినావు. నా లెక్క నాకు సరిపోతాది. అది ప్రతిమకు సరిపోయిందా? నా అంకెలు చూపించేది అద్దో, ఆ పొలిమేర గుండు.” మేష్ట్రు వేలు చాపి చూపించాడు. “డబ్బీ ఆ గుండు కింద ఉన్నింటే నా లెక్క సరి. నల్లగుడ్డ చుట్టిన చిన్న డబ్బీ. పోయి చూస్తే లేదు. అంటే ఆ పిల్ల లెక్క ఇంగేదో గుండుకు పోయింది. ఇంగ నేను మేష్ట్రునే కాదు అక్కయమ్మా.”

అక్కయమ్మ చేతిలో ఉన్న జామకాయ గోనెపట్ట మీదికి జారి, చెనిక్కాయల్లోకి దొర్లింది. క్రియాపదాలన్నీ చెదిరిపోయాయి.

ఆ డబ్బీ ఆ గుండు కిందే ఉండిందని ఈ లోకంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. చెప్పాలని నోరు తెరిచింది. చెప్తే పీడ తిరిగి వస్తుంది, ఎర్రావు ఈనే నెల ఇది. చెప్పకపోతే ఈ మనిషి ఇట్లాగే కాగితం పట్టుకుని తిరుగుతాడు. అయితే అది పీడే కాదు కదా, మేష్ట్రు ఆటసామాను కదా, అది పోతే ఆవు ఎట్లా బాగైంది? బాగైంది కాబట్టి అది పీడే అయి ఉండాలి. కానీ దాంట్లో ఉన్నది పెన్సిలే కదా. ఇట్లా ఆమె తల గానుగెద్దు మాదిరి తిరిగింది. అన్నిటికంటే కింద, ఒప్పుకోవడానికి మనసు రాని సంగతి ఇంకొకటి ఉంది. ఊళ్ళోవాళ్ళ తెలివితక్కువ పనులను ఏకిపెట్టే అక్కయమ్మే, గోలీలు చూసి జడిసి రెండు మైళ్ళు నడిచిందంటే ఆ బయ్యప్ప ఊరుకుంటాడా?

“పో మేష్ట్రప్పా, ఇంటికి పోయి అన్నం తిను” అంది కసురుగా. ఆయన పోయాడు.

మరునాడు అంగడి తెరవలేదు. తూర్పు పల్లెకు పోయింది. పొలిమేరలో డబ్బీ లేదు. అక్కడ గొర్రెలు కాస్తున్న ముసలామెను అడిగింది. ఆమె నోరు విప్పలేదు. అదీ రివాజే కదా.

“నోరు మూసుకుంటే నాకు తెలీదనుకున్నావా? పెట్టింది నేనే, జరిపింది నువ్వే. యాడికి జరిపినావో వేలు చూపించు, చాలు. వేలికి నోరు లేదు.”

ముసలామె వేలు తూర్పుకు చూపించింది. ఆ తరవాతి పల్లెలోనూ అంతే. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు, అందరూ వేళ్ళు చూపించారు. కొంత నడిచి, కొంత ఆటోలో, కొంత చింతామణి పోయే బస్సులో పోతే, రెండో పూట మురుగమల్ల చేరింది. అక్కడి దర్గాకు పోయే దోవలో రామాంజినప్ప అనే ఆయన బొరుగుల అంగడి పెట్టుకున్నాడు. డబ్బీ ఆయన గూట్లో, బెల్లం డబ్బా పక్కన ఉంది.

“నాలుగు నెలల కింద ఎవురో నా అంగడి ముందర పెట్టిపోయినారమ్మా. ఎవురిదో మరిచిపోయినారేమో అని తీసిపెట్టినా.”

“నువ్వు ముందరికి జరపలేదా?”

“ఇంగ యాడికి జరిపేది? ఈడికి వచ్చేవాళ్ళందరూ కష్టాలు మోసుకోనే వస్తారు. వచ్చినవి ఈడే నిలిచిపోతాయి. నీదేనా?”

“నాది కాదు. కానీ నేనే తీసకపోవాల.”

రామాంజినప్ప అయోమయంగా చూసి, ఒక పొట్లం బొరుగులతో పాటు ఇచ్చాడు. బస్సులో మూత తీసి చూసింది. లోపల సామాను పెరిగింది. పసుపుకొమ్ము, పగిలిన గాజుముక్క, మేకపిల్ల మెడలోని చిన్న గంట, ఎండిన వేపరెమ్మలు ఐదు. ఒక్కో ఊరు ఒక్కొక్కటి వేసింది. పుస్తకం మాత్రం తెల్లగానే ఉంది. పెన్సిలు చెక్కలేదు.

పేరేసంద్రలో దిగి నేరుగా మేష్ట్రు ఇంటికి పోయింది. సుజాతమ్మ మజ్జిగ ఇచ్చింది. అక్కయమ్మ తాగలేదు. డబ్బీ తీసి మేష్ట్రు ముందర పెట్టింది. మేష్ట్రు దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

“ఎవురు తీసినారు?”

“నేను.”

“ఎప్పుడు?”

“శివరాత్రి పోయిన తరవాతి సోమవారం. ఆవుకు గడ్డలు లేసినప్పుడు.”

“యాడ నుంచి?”

“పొలిమేర గుండు కింద నుంచి. ఏనుగు పండుకున్నట్టుండేదాని కింద నుంచి. నువ్వు వేలు చూపించినావు చూడు, ఆడనుంచే.”

మేష్ట్రు గోడకు వేలాడుతున్న క్యాలెండరు దగ్గరికి పోయాడు. సుద్దముక్క తీసి నేల మీద ఆ సోమవారం తేదీ రాశాడు. పక్కన మొదటి గుంపు వచ్చిన తేదీ రాశాడు. రెండింటికీ నడుమ ఐదు రోజులు. మొదటి గుంపు వచ్చేసరికే గుండు కింద ఖాళీ. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనక నుంచి అక్కయమ్మకు తెలియలేదు.

“ప్రతిమ లెక్కా నా లెక్కా ఒకటే” అన్నాడు సుజాతమ్మతో. మళ్ళీ అన్నాడు. సుజాతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

అక్కయమ్మ తిట్లకు సిద్ధమై వచ్చింది. ఆయన తిట్టకపోయేసరికి ఆమెకే కోపం వచ్చింది. “నాలుగు మాటలనప్పా! ఊరికే నిలబడుకుంటే నేనేమనుకోవాల? పీడ అనుకోని తీసకపోయినా. నల్లగుడ్డ ఎవురు చుట్టమన్నారు ఆ పిల్లను? బొమ్మతల ఎవురు పెట్టమన్నారు? నా ఆవు బాగైంది. ఇప్పుడు ఇది మళ్ళొచ్చింది. దానికేమైనా అయితే?”

“నాకు తెలీదు అక్కయమ్మా.”

“తెలీదంటే?”

“తెలీదనే. పీడ సంగతి నేను చదవలేదు. ఏమన్నా అయితే పశువుల డాక్టరు ఇంటికి నేను పరిగెత్తుతా. అంతవరకే నా చేతిలో ఉండేది.”

ఆ జవాబుతో ఆమె మనసు కుదుటపడలేదు. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే లేచి పోయేది. మజ్జిగ గ్లాసు అందుకుని తాగింది.

“సరే, డబ్బీ ఇట్లియ్యి. ఎవురూ చూడకముందే పోయి ఆ గుండు కింద పెట్టేసొస్తా. నీ పేజీ నిలబడతాది.”

మేష్ట్రు డబ్బీ ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఎవురూ చూడకుండా పెడితే ఊళ్ళో ఇంగొకరు చూసి మళ్ళా పక్క ఊరికి జరుపుతారు. నేను పెడితే, లెక్క తప్పిన మేష్ట్రు దొంగతనంగా ఇంగో డబ్బీ తెచ్చి పెట్టినాడంటారు. నేనేమి చెప్పినా నా గురించి నేను చెప్పుకున్నట్టే ఉంటాది. నువ్వొక పని చేసిపెట్టాల.”

“ఏమి?”

“రేపు పొద్దున డైరీకాడికి పో. బయ్యప్ప పాలు కొలిచేటప్పుడు, అందరూ వరసలో ఉన్నప్పుడు. డబ్బీ కొంగు కింద పెట్టుకోవద్దు, చేతిలో పట్టుకోని పో. ఇది మేష్ట్రుది, పొలిమేర గుండు కింద ఉన్నింది, పీడ అనుకోని తీసింది నేను అని చెప్పు. వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నవ్వినాక వాళ్ళందరినీ పిలచుకోని పోయి, వాళ్ళ ముందరే ఆ గుండు కింద పెట్టు. నేను రాను. నేనుంటే నేను చెప్పించినట్టుంటాది.”

అక్కయమ్మ డబ్బీ అందుకుని, కొంగు కింద పెట్టుకోబోయి, మళ్ళీ తీసి చేతిలోనే పట్టుకుంది.